జానెడు మీద బెత్తెడు

నేను మూసిన గుంట ఎవరికీ కనబడదు. ముప్ఫై ఆరేళ్ళు కేబుల్ గ్యాంగులో పనిచేశాను. సింగపూర్‌లో ఏ రోడ్డు పక్కన నడిచినా నేను తవ్వి పూడ్చిన చోటు ఒకటి కాళ్ళ కింద ఉంటుంది. ఎక్కడా మట్టి కుంగలేదు, గడ్డి చావలేదు.

మా మండోర్ సుందరరావు గారు. మండోర్ అంటే గ్యాంగు పెద్ద. పని ఆయన నేర్పిందే. గడ్డిని ముందు చాపలా చుట్టి పక్కన పెట్టాలి. పైమట్టి ఒక గోనె మీద, దాని కిందిది ఇంకో గోనె మీద, అడుగుది మూడో గోనె మీద పోసుకోవాలి. మూసేటప్పుడు చివర వచ్చినది ముందు లోపలికి పోవాలి. జానెడు మట్టి పడగానే కాలితో తొక్కాలి. కేబుల్ పైన ఒక ఇటుక పెట్టాకే మిగతా మట్టి వెయ్యాలి. ఎప్పుడో ఇంకెవడో చంగ్కోల్, అంటే ఇక్కడి పార, పట్టుకుని అక్కడే దిగితే ముందు వాడికి ఆ ఇటుక తగలాలి. తనకన్నా ముందు ఇక్కడ మనుషులు దిగారని వాడికి తెలియాలి.

ప్రతి గుంటకీ గుర్తు కూడా రాసుకోవాలి. ఈ ఊళ్ళో ప్రతి లాంప్‌పోస్ట్‌కీ నంబరుంటుంది. ఏ నంబరు నుంచి ఎన్ని అడుగులు, ఎటువైపు, ఎంత లోతు, మట్టి ఏ రంగు. నేను మూడో తరగతి దాకా చదివాను, అదీ తెలుగు. కాబట్టి తెలుగులోనే రాసేవాణ్ణి. గ్యాంగుకి ఒక్కటే టేపు, అది మండోర్ జేబులో ఉండేది. నేను లోతు చేత్తో కొలిచేవాణ్ణి. బెత్తెడు, జానెడు, మూరెడు. ఇంజనీర్లు నవ్వేవారు. ఒకసారి వాళ్ళ మ్యాపు తప్పయింది, నా నోట్‌బుక్ ఒప్పయింది. తర్వాత నవ్వలేదు.

రిటైరయ్యాక పొద్దున పూట హౌగాంగ్ నుంచి బస్సెక్కి చాంగీ బీచికి నడకకి వెళ్ళేవాణ్ణి. అక్కడే సాయి కిరణ్‌ని చూశాను. గుంటూరు మనిషి, జురాంగ్ ఈస్ట్‌లో ఉంటాడు, బ్యాంకులో కంప్యూటర్ పని. చెవులకి హెడ్‌ఫోన్, చేతిలో పొడుగు కర్ర, కర్ర చివర పళ్ళెం లాంటిది. నేలలో లోహం ఉంటే కూసే మెషిన్ అది. కూసినచోటల్లా తవ్వుతున్నాడు. తవ్వి, చూసి, గుంట అలాగే వదిలేసి ముందుకి పోతున్నాడు. నేను వెనకే నడుస్తూ ఒక్కొక్కటీ కాలితో మూసుకుంటూ వచ్చాను. పద్నాలుగో గుంట దగ్గర వెనక్కి తిరిగాడు. ఏమైనా పోగొట్టుకున్నారా అని ఇంగ్లీషులో అడిగాడు. అంతకుముందు ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే విన్నాను.

"పిల్లలు పరిగెడతారు. కాలు విరుగుతుంది" అన్నాను.

ఆ వారం నుంచి అతను తవ్వడం, నేను మూయడం. కొన్నాళ్ళకి అతను కొత్త మెషిన్ కొనుక్కుని పాతది నాకిచ్చాడు. మూడేళ్ళలో మా ఇద్దరికీ తొమ్మిది ఉంగరాలు దొరికాయి. కిరణ్ ఫేస్‌బుక్‌లో పెట్టేవాడు. తొమ్మిదీ వాటి మనుషులకి చేరాయి. ఒక చైనా ముసలాయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అస్థికలు కలిపే చోట మాత్రం నేను మెషిన్ ఆన్ చెయ్యను. అక్కడ రాగి చెంబులుంటాయి, నాణేలుంటాయి, చనిపోయినవాళ్ళ నోట్లో పెట్టిన బంగారు ముక్కలూ ఉంటాయి. అవి పోగొట్టుకున్నవి కావు.

ఇసుకలో కాక గట్టి నేలలో తవ్వితే సుందరరావు గారి ఇటుకకి బదులు నేను పది సెంట్ల నాణెం పెట్టేవాణ్ణి. గడ్డి కింద బెత్తెడు లోతున. తర్వాత వచ్చేవాడి మెషిన్‌కి ముందు అది పలకాలి. కిరణ్ నవ్వాడు. అంకుల్ భూమికి టిప్పు ఇస్తున్నాడని స్నేహితులకి చెప్పాడు.

పోయినేడు అక్టోబరులో ఒక్కణ్ణే ఉత్తరం వైపు వెళ్ళాను. పాత నేవల్ బేస్ దగ్గర ఒక ఖాళీ జాగా ఉంది. ఒకప్పుడు అక్కడ కూలీల లైన్లుండేవి, అంటే వరస ఇళ్ళు. నేను పుట్టింది అలాంటి లైన్లలోనే, ఇంకాస్త దూరాన. లైన్లు తీసేశాక ఆ జాగా మీద ఎర్రమట్టి పోసి చదును చేశారు. నేను వెళ్ళిన రోజున కంచె లేదు, బోర్డు లేదు. పర్మిషన్ అడగాలని నాకు తోచలేదు. ఆ మాట నిజం కాదు. అడిగితే వద్దంటారని తోచింది.

మెషిన్ గట్టిగా కూసింది. గడ్డి చుట్టి పక్కన పెట్టి, మూడు గోనెలు పరిచి తవ్వాను. జానెడు దాటాక ఎర్రమట్టి ఆగిపోయి నల్లమట్టి వచ్చింది. బూడిద కలిసిన నలుపు. అందులో ఒక ఇత్తడి చెంబు కూర్చుని ఉంది. పడి లేదు, కూర్చుని ఉంది. పచ్చగా చిలుమెక్కింది, మూతిదాకా మట్టి బిగిసింది. బుగ్గ మీద చుక్కలు తగిలాయి. మన ఆడవాళ్ళు సామాన్ల మీద పేరు కొట్టించుకుంటారు కదా, ఆ చుక్కలు. వేలితో తుడిస్తే తెలుగు అక్షరాలు. 'గె. పైడమ్మ.'

చెంబుని లోపలి మట్టితో సహా పైకి తీసి గోనె మీద పెట్టాను. తర్వాత నోట్‌బుక్‌లో రాశాను. పోస్ట్ 51 నుంచి కాలువ వైపు ముప్ఫై ఎనిమిది అడుగులు, 52 నుంచి నలభై నాలుగు. జానెడు మీద బెత్తెడు. పైన ఎరుపు, కింద నలుపు, బూడిద. నాణెం పెట్టి మూసి ఇంటికి వచ్చాను.

చెంబు వంటింట్లో పెట్టి స్నానానికి వెళ్ళాను. అదే నా తప్పు. బయటికి వచ్చేసరికి వీరమ్మ, నా భార్య, సింకు దగ్గర చింతపండూ ఉప్పూ పెట్టుకుని తోముతోంది. చెంబు కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. అంత చిలుముతో ఇత్తడి సామాను ఇంట్లో ఉంటే చనిపోయిన తన అత్తగారు పైనుంచి తిడతారంది. నాకు బాగానే ఉందనిపించింది. పైడమ్మ పేరు ఇప్పుడు గుమ్మం దగ్గర్నుంచి కూడా కనబడుతోంది. వీరమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

ఆదివారం కిరణ్ వచ్చి ఫోటో తీసి తన గ్రూపులో పెట్టాడు. రెండొందల మంది మెచ్చుకున్నారట. మూడో రోజుకి ఒక అమ్మాయి దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. పేరు దీక్షిత. పాత వస్తువుల తవ్వకాల టీములో పనిచేస్తుంది. ఇది ఎక్కడ దొరికింది, ఎవరు తీశారు అని అడిగింది.

కిరణ్ భయపడ్డాడు. ఫోటో తీసేశాడు. మా ఇంటికి పరిగెత్తుకొచ్చి సోఫాలో కూర్చుని నీళ్ళు తాగాడు. గవర్నమెంటు భూమిలో పర్మిషన్ లేకుండా తవ్వడం తప్పేనని, కేసయితే తన వర్క్ పాస్ పోతుందని చెప్పాడు. తవ్వింది నువ్వు కాదుగా అన్నాను. అయినా ఫోటో తనదే కదా అన్నాడు.

"బీచిలో దొరికిందని చెప్పెయ్యండి అంకుల్. బీచి అంటే ఎవరూ ఏమీ అనరు."

"బీచిలో ఎర్రమట్టి ఉండదు" అన్నాను.

"ఆ అమ్మాయికెలా తెలుస్తుంది?"

"నాకు తెలుసు."

అతను వీరమ్మ వైపు చూశాడు. "ఆంటీ, మీరైనా చెప్పండి."

"ఈ మనిషికా?" అంది వీరమ్మ. "ఈయనతో మాటాడే కంటే ఫ్రిజ్జుతో మాటాడ్డం నయం నాయనా. అదైనా అప్పుడప్పుడూ గుర్రుమంటాది."

చెంబు ఎక్కడ తీశానో నేనే దీక్షితకి ఫోన్ చేసి చెప్పాను, శనివారం ఆమె మా ఇంటికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు ఆగి ఆగి మాట్లాడుతుంది. బూట్ల నిండా మట్టి. ఆ బూట్లు చూడగానే నాకు గౌరవం కలిగింది. వీరమ్మ దేవుడి గూట్లోంచి చెంబు తీసి రెండు చేతుల్తో అందించింది. ఎంత బాగా తోమానో చూడు అన్నట్టు నిలబడింది.

ఆ అమ్మాయి చెంబుని తిప్పి చూసింది. కళ్ళు తడయ్యాయి. మెచ్చుకుని కాదని నాకు అర్థమైంది.

"ఆంటీ, దేంతో తోమారు?"

"చింతపండు."

"ఆ చిలుములో చాలా ఉంటుంది ఆంటీ. ఎంత కాలం భూమిలో ఉందో, పక్కన ఏముందో. లోపల మట్టి ఉండాలి కదా? అది?"

వీరమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. సింకులో పోస్తే పైపు మూసుకుపోతుందని ఆ మట్టిని కారిడార్లో ఉన్న కరివేపాకు కుండీలో పోశానని వీరమ్మ మెల్లగా చెప్పింది. మట్టి నల్లగా ఉంది, మొక్కకి బలం అనుకుందట.

దీక్షిత లేచి బయటికి నడిచింది. కుండీ ముందు కూర్చుని పై మట్టంతా చెంచాతో సంచిలోకి తీసుకుంది. మా జల్లెడ అడిగింది. వీరమ్మ పిండి జల్లెడ ఇచ్చింది. అలాంటి పనికి ఆ జల్లెడ ఇస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు. పక్క ఫ్లాటు మలాయి ఆవిడ తలుపు తీసి చూసి, మళ్ళీ వేసుకుంది. అరగంట జల్లించాక జల్లెడలో ఏడు నల్లపూసలు మిగిలాయి. ఆవగింజ కంటే కాస్త పెద్దవి.

ఎవరో మనిషి తాళిలోని నల్లపూసలు చెంబులో దాచుకుని భూమిలో పెట్టిందని అనుకున్నాను. వాటికి మెషిన్ పలకదు. గాజుకి పలకదు. చెంబు తీసుకుని ఇంతటి దాన్ని కుండీలో పోశాం.

అప్పుడు వీరమ్మ గోడకి ఆనుకుని నిలబడి, వినపడీ వినపడనట్టు అంది.

"మూడేళ్ళ కింద నా నల్లపూసల దండ ఈ కారిడార్లోనే తెగింది. అన్నీ ఏరుకున్నాననే అనుకున్నాను."

దీక్షిత పూసల్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత చెప్పింది, కోపంగా కాదు. ఇవి పైడమ్మవి కావచ్చు, ఆంటీవి కావచ్చు. చెంబులో ఉండగా చూసి ఉంటే చెప్పగలిగేది. ఇప్పుడు తను రిపోర్టులో రాయగలిగింది ఒక్కటే, కరివేపాకు కుండీలో దొరికాయని.

నాకు అంతకంటే పెద్ద తిట్టు ఎవరూ తిట్టలేదు.

లోపలికి వచ్చాక సంగతంతా చెప్పింది. ఆ ఖాళీ జాగాలో పెద్ద బిల్డింగు వస్తోంది. చుట్టూ రేకులు కట్టేశారు. వాళ్ళ టీము మూడు చిన్న గుంటలు తవ్వి చూసింది. మూడింటిలోనూ పోసిన ఎర్రమట్టే, అందులో బీరు సీసాలు. పాత నేల ఏమీ మిగల్లేదని పైవాళ్ళు తేల్చేశారు. వచ్చే శుక్రవారం ఫైలు మూసేస్తారు. తర్వాత మెషీన్లు దిగుతాయి. లైన్లలో బతికినవాళ్ళ గురించి కాగితాల్లో ఉన్నది పేర్ల పక్కన నంబర్లే. ఏం వండుకున్నారో, పొయ్యి ఎక్కడ పెట్టుకున్నారో ఎవరూ రాయలేదు.

"ఈ చెంబు పాత నేలలోంచి వచ్చిందని చూపించగలిగితే ఆపించగలను అంకుల్. పోసిన మట్టితో ఎక్కడినుంచో వచ్చిందంటే అయిపోయినట్టే. మీ మెషిన్ వాళ్ళతో నా బాధ ఇదే. వస్తువు తీసుకెళ్తారు, చోటు పారేస్తారు."

నేను లేచి బీరువా తీశాను. నోట్‌బుక్ తెచ్చి ఆ పేజీ తీసి ఆమె ముందు పెట్టాను.

ఆమెకి తెలుగు చదవడం సరిగా రాదు. వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. 'పైన ఎరుపు, కింద నలుపు' దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. వెనక పేజీలు తిప్పింది. ఒక్కో ఉంగరం, ఒక్కో మేకు, ఒక్కో బాటిల్ మూత. అన్నిటికీ పోస్టు నంబరు, అడుగులు, లోతు, రంగు.

"ఎవరు చెప్పారు మీకు ఇలా రాయమని?"

"మండోర్."

"జానెడు మీద బెత్తెడు అంటే ఎంత?"

చెయ్యి చూపించాను. ఆమె సంచిలోంచి స్కేలు తీసింది. బల్ల మీద నా చెయ్యి పెట్టించి నాలుగు వేళ్ళ వెడల్పు కొలిచింది. ఎనిమిది పాయింట్ రెండు సెంటీమీటర్లు. వేళ్ళు చాపించి బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా కొలిచింది. ఇరవై రెండున్నర. రెండూ రాసుకుంది. పక్కన నా పేరు రాసింది, జయరాం అని, తెలుగులోనే, కొంచెం వంకరగా. ముప్ఫై ఆరేళ్ళు చంగ్కోల్ పట్టిన చెయ్యి అది. దాన్ని ఒక చదువుకున్న పిల్ల అలా స్కేలు పెట్టి కొలిచి కాగితమెక్కించడం నాకు చెప్పరానంత గొప్పగా అనిపించింది. చెయ్యి వెంటనే తియ్యలేదు.

ఒక సంగతి ఆమె ముందే చెప్పింది. చోటు చూపించాలంటే పర్మిషన్ లేకుండా తవ్వానని కాగితం మీద సంతకం పెట్టాలి. వార్నింగ్‌తో పోవచ్చు, ఫైన్ పడవచ్చు, అది తన చేతిలో లేదు. చెంబు కూడా ఇచ్చెయ్యాలి. నేను సంతకం పెట్టాను. వీరమ్మ చెంబుని పాత తువ్వాల్లో చుట్టి ఇచ్చింది. మళ్ళీ తోమకూడదా అని అడిగింది. వద్దు ఆంటీ అంది దీక్షిత. ఆమె వెళ్ళాక కూడా వీరమ్మ గొణుగుతూనే ఉంది, పేరున్న సామానుని మాసిపోనిస్తారట అని.

బుధవారం జాగాకి వెళ్ళాం. దీక్షిత, ఆమె పై ఆఫీసరు ఒక చైనా ఆయన, సైట్ సూపర్‌వైజర్, నేను. తలకి హెల్మెట్ ఇచ్చారు. రేకుల గేటు దాటి లోపలికి వెళ్ళి నిలబడ్డాను.

లాంప్‌పోస్టులు లేవు. 51 లేదు, 52 లేదు. పీకేసి ఒక మూల పడేశారు. కాలువ మీద లారీలు తిరగడానికి ఇనప రేకులు పరిచారు. గడ్డి నిండా టైర్ల చాళ్ళు.

అందరూ నా వైపు చూస్తున్నారు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. అడుగులు వేసి చూశాను. ఎక్కడినుంచి వెయ్యాలి? నేను ఎంత బాగా మూశానంటే నాకే కనబడలేదు. జీవితంలో మొదటిసారి నా పని మీద నాకు కోపం వచ్చింది.

ఆఫీసరు దీక్షితతో మెల్లగా ఏదో అన్నాడు. ఆమె తల వంచుకుంది. ముసలాయన మాట తప్ప రుజువు లేదని అన్నాడని తర్వాత తెలిసింది.

అప్పుడు నాకు ఇటుక గుర్తొచ్చింది.

"నా మెషిన్ కావాలి" అన్నాను.

దీక్షిత ముఖం మారిపోయింది. ఏ మెషిన్‌ని చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుందో దాన్నే లోపలికి తెమ్మంటున్నాను. గడ్డి కింద పది సెంట్లు పెట్టానని చెప్పాను. ఎందుకు పెట్టారని అడిగింది. తర్వాత వచ్చేవాడికి తెలియాలని, అన్నాను. ఆమె నన్ను ఒక క్షణం చూసి ఆఫీసరు వైపు తిరిగింది. ఇంగ్లీషులో గబగబా మాట్లాడింది. చివరికి ఆయన సరేనన్నాడు. "కెన్ లా, కానీ ఈరోజే" అంది నాతో, కుదురుతుందని ఇక్కడివాళ్ళు అనే తీరులో.

ఇంటికి ఫోన్ చేస్తే వీరమ్మ కిరణ్‌కి చెప్పింది. అతను ఆఫీసు మానేసి మెషిన్ టాక్సీలో వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర దీక్షితకి తన పేరు చెప్పి, ఫోటో పెట్టింది నేనే అన్నాడు. ఎవరూ అడగకుండానే. ఆమె తలూపింది, అంతే.

హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదలుపెట్టాను. అంతా కూతే. మేకులు, రేకు ముక్కలు, డబ్బా మూతలు. మెషిన్ వినడం తెలియనివాడికి అదంతా ఒకటే గోల. ఇనప మేకు బొంగురుగా, తెగి తెగి పలుకుతుంది. డబ్బా మూత కీచుమంటుంది, పక్కకి జరిపితే జారిపోతుంది. పది సెంట్లు పొట్టిగా, రెండు వైపుల నుంచీ ఒకేలా పలుకుతుంది. కిరణ్ పక్కన జెండా పుల్లలు పట్టుకుని నడిచాడు. దీక్షిత మా వెనక నడిచింది. రెండు గంటలు. మధ్యలో రెండుసార్లు ఇదే అనుకున్నాను. రెండుసార్లూ డబ్బా మూతే. ఆఫీసరు నీడలోకి వెళ్ళి కూర్చున్నాడు.

మూడోసారి ఆగాను. ఎడమ నుంచి విన్నాను, కుడి నుంచి విన్నాను. హెడ్‌ఫోన్ తీసి దీక్షిత చెవికి పెట్టాను.

"ఇది" అన్నాను.

తాపీ ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు. ఇక తవ్వాల్సింది ఆమె. వెనక్కి జరిగి నిలబడ్డాను.

ఆమె తవ్వడం అప్పుడు చూశాను. నేను గంటలో దిగిన లోతుకి ఆమె పూటంతా తీసుకుంది. నాణెం ముందు వచ్చింది, బెత్తెడు లోతున. కిరణ్ నవ్వబోయి ఆపుకున్నాడు. తర్వాత ఆమె నా గుంటని సగానికి కోసినట్టు ఒక పక్కే తవ్వింది. గోడ కనబడింది. నా గోడ. నిలువుగా, సూటిగా. లోపల నేను వేసిన మట్టి, అడుగున నలుపు, మీద ఎరుపు, పైన పైమట్టి, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ. పక్కన తాకని నేలలో అదే ఎరుపు, దాని కింద అదే నలుపు, చారలా నిండుగా. మూడు గుంటల్లో వాళ్ళకి దొరకని పాత నేల అది. అడుగున, జానెడు మీద బెత్తెడు దగ్గర, మట్టిలో గుండ్రంగా ఆకుపచ్చ మరక. చెంబు కూర్చున్న చోటు. చిలుము దిగిన గుర్తు. వీరమ్మ చింతపండు దాన్ని చేరలేకపోయింది.

దీక్షిత స్కేలు పెట్టింది. ముప్ఫై పాయింట్ తొమ్మిది. నా జానా బెత్తా కలిపితే ముప్ఫై పాయింట్ ఏడు.

ఆఫీసరు నీడలోంచి లేచి వచ్చి గుంట అంచున గొంతుక్కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మీరు ఎక్కడ నేర్చుకున్నారు అన్నాడు. కేబుల్ అన్నాను.

మూడు వారాలు అదనంగా ఇచ్చారు. ఎక్కువేం కాదు. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. వీరమ్మ దాన్ని ఎల్‌ఐసి కాగితాల్లా భద్రంగా దాచింది. ఆ మూడు వారాలూ నేను రోజూ వెళ్ళాను. నన్ను తవ్వనివ్వలేదు. బకెట్లు మోశాను, జల్లెడ పట్టాను. మా వీధి మట్టి చూసినట్టు ఆ మట్టిని చూశాను. ఒక రాళ్ళ పొయ్యి బయటపడింది, మసితో సహా. పక్కన అరిగిపోయిన సన్నికల్లు. గాజు ముక్కలు, ఎరుపూ ఆకుపచ్చా. చేప ముళ్ళు. మూడేళ్ళు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని తిరిగాను. వీటిలో ఒక్కటీ నాకు పలికేది కాదు. మెషిన్ వినిపించేది కొంచెమే. మిగతాదంతా తొక్కుకుంటూ పోయేవాణ్ణి.

ఇప్పుడు మెషిన్ ఇసుకలో తప్ప ఎక్కడా పెట్టను. కిరణ్ కూడా అంతే. గ్రూపులో కొత్తవాళ్ళెవరైనా పాత జాగాల గురించి అడిగితే దీక్షిత నంబరు ఇస్తున్నాడు. కొందరు వెక్కిరించి వెళ్ళిపోయారట.

పైడమ్మ ఎవరో తెలియలేదు. 'గె' ఏ ఇంటిపేరో తెలియలేదు. వీరమ్మ గెద్దాడ అంటుంది, నేను గెంజి అంటాను. ఏడు పూసలు ఒక చిన్న కవర్లో ఉన్నాయి. దాని మీద దీక్షిత రాసింది రాసినట్టే ఉంది, కరివేపాకు కుండీ అని. చూపించినప్పుడు వీరమ్మ ముఖం తిప్పుకుంది. నా నాణెం కూడా కవర్లో వేసి నంబరేశారు. అది నాది కదా అన్నాను. ఇక కాదు అంకుల్, అది కూడా దొరికిందే అంది దీక్షిత.

చివరి రోజున కాలేజీ పిల్లలు ఆరుగురు కందకం మూయడానికి వచ్చారు. ఎలాగూ మీద బిల్డింగు లేస్తుంది, గబగబా తోసెయ్యండి అని సూపర్‌వైజర్ అన్నాడు. దీక్షిత నా వైపు చూసింది. నేను పారలు కింద పెట్టించాను. ఏ గుట్ట ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు తొక్కాలి, గడ్డి ఏ వైపు నుంచి పరవాలి, అన్నీ చెప్పాను. ఆ పూట నేను మాట్లాడినన్ని మాటలు వీరమ్మ పెళ్ళైన కొత్తలో కూడా విని ఉండదు. పైమట్టి వెయ్యబోతుంటే దీక్షిత ఆగమంది. తన జేబులోంచి పది సెంట్లు తీసి బెత్తెడు లోతున పెట్టింది. బెత్తెడు తన చేత్తోనే కొలిచింది.

మర్నాడు హెల్మెట్ తిరిగివ్వడానికి వెళ్ళాను. సూపర్‌వైజర్ కాగితం పట్టుకుని గడ్డి మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. మెత్తటి నేల ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలట, క్రేను అక్కడ నిలబెట్టకుండా. ఎక్కడ తవ్వారని పిల్లల్ని అడిగాడు. వాళ్ళు నాలుగు వైపులూ చూపించారు. దీక్షిత కూడా నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, నవ్వి, నా వైపు చూపించింది.

కాసేపు నేను కూడా చెప్పలేదు.